మా నాయన డిజిటల్ డైరీ ఎట్ల ఖాళీ అయింది? జేబు కంప్యూటర్ల అసలు కథ

ఈ ఎపిసోడ్‌లో కొత్త ఫోన్ అన్‌బాక్సింగ్ లేదు. నా చేతిలో ఉన్నది చూడండి. పాత కాలిక్యులేటర్ లాగా ఉంది కదా? మూత తెరిస్తే పైన చిన్న స్క్రీను, కింద వేలి గోరంత బటన్లు. దీన్ని డిజిటల్ డైరీ అనేవాళ్లు. ఫోన్ నంబర్లు, అపాయింట్‌మెంట్లు, చిన్న చిన్న నోట్సు దీంట్లో పెట్టుకునేవాళ్లు. మీలో చాలామంది దీన్ని చూసి కూడా ఉండరు.

ఇది మా నాయనది. సెల్ వేస్తే ఇప్పటికీ ఆన్ అవుతుంది. లోపల మాత్రం ఏమీ లేదు. 2003లో ఒకరోజు మధ్యాహ్నం, నెల్లూరులో ఒక వాచీ రిపేరు కొట్లో, దీంట్లో ఉన్నదంతా పోయింది.

మాది ఇందుకూరుపేట మండలం, మైపాడు బీచ్‌కి దగ్గర్లో ఊరు. మా నాయన రొయ్యలు వేస్తాడు. అప్పట్లో అందరూ వేసేది టైగర్ రొయ్య. ఒక మంచి పట్టుబడి వచ్చిన సంవత్సరం, మద్రాసు పోయి బర్మా బజార్‌లో దీన్ని కొనుక్కొచ్చాడు. రొయ్యల గుంట అంటే మొత్తం లెక్కల మీద నడిచే పని. సీడ్ ఏ రోజు వేశాం, ఎన్ని వేశాం, రోజుకి ఎన్ని పూటలు ఎంత మేత పడింది, చెక్ ట్రేలో ఎంత మిగిలింది, వారానికోసారి రొయ్య బరువు ఎంత తూగింది. మేతేమో అప్పు మీద వస్తుంది, పట్టుబడి అయినాక డబ్బులు కట్టాలి. ఈ లెక్కలన్నీ మా నాయన ఇంగ్లీషు అక్షరాల్లో, తనకు మాత్రమే అర్థమయ్యే షార్ట్‌కట్‌లో, దీంట్లోకి ఎక్కించేవాడు.

స్క్రీను మసకబారిందని రిపేరు కొట్టుకి తీసుకుపోయాడు. నేనూ వెంట ఉన్నా, నాకు ఆరేళ్లు. ఆయన వెనక మూత విప్పి, పాత సెల్లులు రెండూ ఒకేసారి తీసేసి, కొత్తవి వేశాడు. రెండు నిమిషాల పని. ఆన్ చేస్తే యంత్రం తేదీ అడిగింది. టైము అడిగింది. ఇంకేమీ చూపించలేదు. బయటకొచ్చి స్కూటర్ స్టార్ట్ చెయ్యకుండా అట్లే కూర్చున్నాడు నాయన. "అంతా పోయిందిరా అబ్బయా" అన్నాడు.

ఆ కల్చర్‌లో మేత కొట్టు పుస్తకంలో 47 బస్తాలు ఉన్నాయి. నాయనకి గుర్తున్నవి 38. చూపించడానికి చేతిలో ఏమీ లేదు. 47కే కట్టాడు. ఆ తర్వాత ఎర్ర అట్ట పుస్తకం కొనుక్కొని, మళ్లీ పెన్నుకొచ్చాడు.

ఇప్పుడు ఇరవై ఏళ్లు ముందుకు రండి. 2023 డిసెంబర్, మిచాంగ్ తుఫాను. 5వ తేదీన బాపట్ల దగ్గర తీరం దాటింది కానీ, దానికి ముందే మా నెల్లూరు జిల్లాని వానతో ముంచేసింది. మోటారు షెడ్డులోకి నీళ్లొచ్చాయి. ఎర్ర అట్ట పుస్తకం రాత్రంతా నీళ్లలో నానింది. తెల్లారి చూస్తే పేజీలన్నీ నీలం మరకలు. రెండు రోజులకి ఫోన్ చేశాడు. "గుంట లెక్క రాసుకునే దానికి చిన్న డబ్బా ఏదన్నా ఉంటే చూసి పంపించు అబ్బయా. ఈసారి పోకుండా ఉండేది చూడు."

నేను బీటెక్ చదివి, నాలుగేళ్లు సాఫ్ట్‌వేర్‌లో పనిచేసినోడిని. వెంటనే ల్యాప్‌టాప్ తెరిచి ర్యామ్ ఎంత, ప్రాసెసర్ ఏంటి, వాటర్‌ప్రూఫ్ రేటింగ్ ఎంత అని పోల్చడం మొదలుపెట్టా. గంట తర్వాత ఆగి, నాయన అడిగిన మాట మళ్లీ గుర్తు చేసుకున్నా. "పోకుండా ఉండేది." స్పెక్స్ షీటులో ఆ కాలమ్ ఎక్కడా లేదు. అందుకని ఈ జేబు యంత్రాల చరిత్ర మొత్తం ఆ ఒక్క ప్రశ్నతో మళ్లీ చదివా. యంత్రం ఆగిపోయిన రోజున, దాన్ని కొన్నవాడి చేతిలో ఏం మిగిలింది? ఈరోజు కథ అదే.

ముందు మా నాయన డైరీకి ఏమైందో చెప్తా. దాంట్లో డేటా ఉండేది ర్యామ్‌లో. ర్యామ్‌కి కరెంటు ఉన్నంతసేపే జ్ఞాపకం. అందుకే ఆ డైరీల్లో రెండు రకాల సెల్లులు ఉండేవి, ఒకటి నడపడానికి, ఇంకోటి బ్యాకప్. ఒకటి మార్చేటప్పుడు రెండోది కాపలా కాస్తుంది. రెండూ ఒకేసారి తీస్తే కాపలా లేదు, అంతా తుడిచిపెట్టుకుపోతుంది. ఇప్పుడు మీ ఫోన్లో ఉండేది ఫ్లాష్ మెమరీ, బ్యాటరీ అయిపోయినా డేటా ఉంటుంది. మనం పెద్దగా పట్టించుకోం కానీ, జేబు యంత్రాల్లో వచ్చిన పెద్ద మార్పుల్లో ఇదొకటి.

విచిత్రం ఏంటంటే, ఈ జబ్బుకి మందు మొదట్లోనే ఉంది. 1984లో సైయాన్ అనే లండన్ కంపెనీ ఆర్గనైజర్ అని ఒక యంత్రం తెచ్చింది. చేతిలో పట్టే ఇటుక లాంటిది. దాంట్లో డేటాప్యాక్ అని చిన్న క్యాట్రిడ్జి ఉండేది. దాంట్లో రాసింది సెల్ తీసినా పోదు. ఎంత గట్టిదంటే, చెరపాలన్నా మామూలుగా కుదరదు, ప్యాక్‌ని బయటకు తీసి అల్ట్రావయొలెట్ లైటు కింద పెట్టాలి. అంటే జ్ఞాపకం వేరు, యంత్రం వేరు. యంత్రం పాడైతే ప్యాక్ తీసి ఇంకో యంత్రంలో పెట్టుకోవచ్చు. 1986లో వచ్చిన దాని రెండో మోడల్‌ని మార్క్స్ అండ్ స్పెన్సర్ దుకాణాల్లో కూడా వాడారు.

ఆ తర్వాత జపాన్ కంపెనీలు సన్నటి, చవక డైరీలు తెచ్చాయి. మన దేశంలో ఎక్కువమంది చేతుల్లోకి వచ్చినవి ఆ రకమే. సన్నబడే హడావిడిలో జ్ఞాపకం మొత్తం సెల్లుల మీద ఆధారపడింది.

1993 ఆగస్టులో ఆపిల్ కంపెనీ న్యూటన్ తెచ్చింది. పర్సనల్ డిజిటల్ అసిస్టెంట్, పీడీఏ అనే పేరు కూడా అప్పటి ఆపిల్ సీఈఓ జాన్ స్కల్లీ పెట్టిందే. 699 డాలర్లు. స్క్రీను మీద మామూలుగా రాస్తే చాలు, చదువుకుంటుంది అన్నారు. చదివింది కానీ, చాలాసార్లు తప్పు చదివింది. కార్టూన్లలో, టీవీ షోల్లో జోకులు వేశారు. తర్వాత మోడళ్లలో ఆ పని బాగా మెరుగైంది కానీ, పోయిన పేరు తిరిగి రాలేదు. 1998లో ఆపేశారు.

ఇప్పుడు నాకు బాగా ఇష్టమైన మనిషి దగ్గరికి వద్దాం. జెఫ్ హాకిన్స్. పామ్ కంపెనీ పెట్టినాయన. పామ్ పైలట్ తయారు చేసే ముందు ఆయన చేసిన పని వింటే నవ్వొస్తుంది. గ్యారేజీలో ఒక చెక్క ముక్కని చొక్కా జేబులో పట్టే సైజుకి కోసి, దాని మీద స్క్రీను, బటన్ల బొమ్మలున్న కాగితం అంటించాడు. ఆ చెక్కని వారాల తరబడి జేబులో పెట్టుకుని తిరిగాడు. మీటింగులో ఎవరైనా "మంగళవారం ఖాళీయేనా?" అంటే, చెక్క బయటికి తీసి, పుల్లతో నొక్కినట్టు నటించేవాడు. పక్కనోళ్లు ఏమనుకున్నారో తెలీదు కానీ, తనకి ఏది అవసరమో, ఏది అక్కర్లేదో ఆ చెక్క చెప్పింది. ఆ చెక్క ఇప్పుడు అమెరికాలో కంప్యూటర్ హిస్టరీ మ్యూజియంలో ఉంది.

1996లో పైలట్ 1000 వచ్చింది. 299 డాలర్లు, అప్పటి రేటులో మన లెక్కన పది వేల పైమాటే. మెమరీ 128 కేబీ. ఎంబీ కాదండోయ్, కేబీ! మీ వాట్సాప్‌లో వచ్చే ఒక గుడ్ మార్నింగ్ ఫోటో కూడా దాంట్లో పట్టకపోవచ్చు. రెండు సన్న సెల్లులతో వారాల తరబడి నడిచేది. న్యూటన్ మన చేతిరాత నేర్చుకోవాలని చూస్తే, పామ్ ఎదురు తిరిగి మననే గ్రాఫిటీ అనే సులువైన అక్షరాలు నేర్చుకోమంది. జనం నేర్చుకున్నారు కూడా.

ఇందులో నాకు ముఖ్యమైనది వేరే ఉంది. పామ్‌లో కూడా డేటా ర్యామ్‌లోనే. సెల్లులు పూర్తిగా చస్తే అదీ ఖాళీ అవుతుంది, మా నాయన డైరీ లాగానే. తేడా ఎక్కడంటే, దానితో పాటు ఒక చిన్న స్టాండు ఇచ్చారు. స్టాండులో పెట్టి ఒక్క బటన్ నొక్కితే, లోపల ఉన్నదంతా కంప్యూటర్‌లోకి కాపీ అయిపోతుంది. హాట్‌సింక్ అన్నారు. యంత్రం నీళ్లలో పడినా, దొంగలెత్తుకుపోయినా, కొత్తది కొని మళ్లీ అదే బటన్ నొక్కితే మీ జీవితం వెనక్కి వస్తుంది. పాత సాఫ్ట్‌వేర్ మనుషులు పామ్‌ని ఇప్పటికీ ప్రేమగా తలుచుకోవడానికి ఇదొక కారణం అనుకుంటా. ఆ కంపెనీ 2010లో హెచ్‌పీ చేతికి పోయింది, మరుసటి ఏడే హెచ్‌పీ ఆ యంత్రాలన్నీ ఆపేసింది. కంపెనీ పోయినా కంప్యూటర్‌లో కాపీ ఉన్నవాడి నంబర్లు పోలేదు.

సరే, ఇవన్నీ అమెరికా, ఇంగ్లండ్ కథలు. మన వైపు ఏం జరిగింది? మన పక్కనే, బెంగళూరులో, ఒక గొప్ప ప్రయత్నం జరిగింది. పేరు సింప్యూటర్. 1998లో అనుకున్నారు, 2001లో నమూనా చూపించారు. ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ ప్రొఫెసర్లు విజయ్ చంద్రు, స్వామి మనోహర్, వి. వినయ్, రమేష్ హరిహరన్, వాళ్లతో పాటు ఎన్‌కోర్ సాఫ్ట్‌వేర్ కంపెనీ వాళ్లు. లైనక్స్ మీద నడుస్తుంది, టచ్ స్క్రీను, భారతీయ భాషల్లో రాసింది పైకి చదివి వినిపిస్తుంది. చదువు రాని రైతు కూడా వాడాలి అనేది వాళ్ల పట్టుదల.

దాంట్లో ఒక ఆలోచన చూసి నేను కుర్చీలోంచి లేచా. ఊరికి ఒక్క సింప్యూటర్ చాలు అన్నారు. ప్రతి మనిషి దగ్గరా ఒక స్మార్ట్ కార్డు ఉంటుంది. యంత్రం పంచాయతీది కావచ్చు, అద్దెది కావచ్చు. మీ కార్డు పెడితే మీ లెక్కలు, తీస్తే మీ లెక్కలు మీతోనే. సైయాన్ డేటాప్యాక్ ఆలోచనే ఇది, ఊరందరికీ సరిపోయేట్టు పెంచారు. 2003లో మా నాయన దగ్గర ఆ కార్డు ఉండుంటే, రిపేరు కొట్లో ఎన్ని సెల్లులు తీసినా భయం లేదు.

2004 ఏప్రిల్‌లో భారత్ ఎలక్ట్రానిక్స్ సంస్థ అమిడా సింప్యూటర్ పేరుతో మార్కెట్లోకి తెచ్చింది. రేటు పది వేల దరిదాపుల్లో మొదలు. చెయ్యి విదిలిస్తే పేజీ తిరిగే మోషన్ సెన్సర్ కూడా ఉంది దాంట్లో, ఐఫోన్‌కి మూడేళ్ల ముందు. కానీ యాభై వేలు అమ్మాలనుకున్నది కొన్ని వేల దగ్గరే ఆగిపోయింది. ఎందుకు? అంతకు ముందు ఏడాది, 2003లో, ఇన్‌కమింగ్ కాల్స్ ఫ్రీ అయ్యాయి. రిలయన్స్ 501 రూపాయలకే చేతిలో ఫోన్ పెట్టింది. టార్చి లైటున్న నోకియా 1100 కూడా ఆ ఏడాదే వచ్చింది. పది వేలు పెట్టి లెక్కల యంత్రం కొనాలా, లేక మద్రాసు రొయ్యల రేటు ఎంతో ఒక్క కాల్‌తో కనుక్కోవాలా అంటే, మా ఊళ్లో ఎవరైనా ఫోనే కొంటారు. మా నాయనా అదే కొన్నాడు. ఫోన్ వచ్చింది, కార్డు ఆలోచన మరుగున పడింది. ఎవరి డేటా వాళ్ల చేతిలో అనే మాట దాంతోనే పక్కకు పోయింది.

ఇంకో గండం ఉంది, భాష. యూనికోడ్‌లో తెలుగుకి 1991లోనే చోటు దొరికింది. అయినా ఫోన్లలో తెలుగు సరిగ్గా కనపడటానికి చాలా ఏళ్లు పట్టింది. 2018 ఫిబ్రవరి గుర్తుందా? "జ్ఞా" అక్షరం, మధ్యలో కంటికి కనపడని ఒక కోడ్ కలిసి మెసేజీలో వస్తే, ఐఫోన్ యాప్‌లు కుప్పకూలేవి. ప్రపంచమంతా న్యూస్ అయింది. ఆపిల్ కొద్ది రోజుల్లోనే 11.2.6 అప్‌డేట్ ఇచ్చి సరిచేసింది. మనం మీమ్స్ వేసుకుని నవ్వుకున్నాం. కానీ ఒక్కసారి ఆలోచించండి, జ్ఞాపకం అనే మాట మొదలయ్యేది ఆ అక్షరంతోనే. మన భాషలో మనం దాచుకునేది ఒక యంత్రంలో సరిగ్గా తెరుచుకుంటుందో లేదో, కొనే ముందు చూసుకోవాల్సిన బాధ్యత ఇంకా మన మీదే ఉంది.

చివరిది సిగ్నల్. మైపాడు తీరం నుంచి వేటకి పోయే పడవలకి, ఒడ్డు నుంచి కొంత దూరం దాటితే టవర్ అందదు. క్లౌడ్‌లో ఎంత దాచినా అక్కడ సున్నా. అందుకే హైదరాబాద్‌లో ఉన్న ఇన్‌కాయిస్ సంస్థ, సముద్రం సమాచారం చూసేవాళ్లు, 2019లో జెమిని అనే పరికరం తెచ్చారు. అది గగన్ శాటిలైట్ల నుంచి తుఫాను హెచ్చరికలు, చేపలు దొరికే చోట్ల వివరాలు పట్టుకుని, బ్లూటూత్‌తో మామూలు ఫోన్‌కి పంపుతుంది. పడవ నుంచి తిరిగి కబురు పంపలేరు, అది దాని లోటు. కానీ కొత్త స్క్రీను, కొత్త కీప్యాడ్ నేర్చుకునే పని పెట్టలేదు. మనిషి దగ్గర ఆల్రెడీ ఉన్న ఫోన్‌నే వాడుకుంది. ఇది నాకు పనికొచ్చింది.

సంక్రాంతికి ఇంటికి పోయినప్పుడు హాకిన్స్ చెక్క ప్రయోగం నాయన మీద చేశా. చచ్చిపోయిన పాత ఫోన్ ఒకటి ఇచ్చి, "వారం రోజులు దీన్నే లెక్కల డబ్బా అనుకో నాయనా, రాయాలనిపించినప్పుడల్లా తియ్యి" అన్నా. "నీకు పిచ్చి పట్టిందా అబ్బయా" అన్నాడు కానీ, తీసుకున్నాడు. నేను వెనకాలే నోట్‌బుక్ పట్టుకుని తిరిగా.

మొదటిరోజే నా ఆలోచన సగం కూలిపోయింది. పామ్‌ని చొక్కా జేబు కోసం కోశారు. తెల్లారుజామున నాలుగింటికి, నీళ్లలో ఆక్సిజన్ పడిపోయే వేళ, ఏరియేటర్లు చూడటానికి పోయే మా నాయనకి చొక్కానే ఉండదు. లుంగీ, మెడలో తువ్వాలు, అంతే. మొలలో దోపుకుంటే జారిపోయింది. కట్ట మీద పెట్టి రెండుసార్లు మర్చిపోయాడు. చెక్ ట్రే ఎత్తినాక చేతులు తడి, ఉప్పు, మేత వాసన, ఆ వేళ్లకి టచ్ స్క్రీన్ పనిచెయ్యదు. కళ్లజోడు షెడ్డులోనే ఉంటుంది. కానీ ఒకటి గమనించా. ప్రతి ట్రే దగ్గరా లెక్క పైకి చెప్తాడు. "రెండో గుంట, ట్రేలో పిడికెడు మిగిలింది, ఈ పూట రెండు కేజీలు తగ్గించు" అని పనోడికి అరిచి చెప్తాడు. అంటే లెక్క పుట్టేది నోట్లో. కాగితం మీదకి ఎక్కేది రాత్రి, షెడ్డులో లైటు కింద.

కాబట్టి ఏ డబ్బా కొనలేదు. నాయన దగ్గరున్న ఫోన్‌కే ప్లాస్టిక్ కవరు, మెడలో వేసుకునే తాడు. కట్ట మీద తెలుగులోనే వాయిస్ రికార్డింగ్, దానికి సిగ్నల్ అక్కర్లేదు. రాత్రికి విని, కొత్త ఎర్ర అట్ట పుస్తకంలో రాస్తాడు. రాసిన పేజీని ఫోటో తీసి నాకు పంపుతాడు. నా దగ్గర ఆ ఫోటోలు నెలకోసారి ల్యాప్‌టాప్‌లోకి, ఒక హార్డ్ డిస్క్‌లోకి పోతాయి. షెడ్డు మునిగితే ఫోటో ఉంది. ఫోన్ పోతే పుస్తకం ఉంది. రెండూ పోతే హార్డ్ డిస్క్ ఉంది. మొన్న ఒక పట్టుబడికి మేత కొట్టు లెక్కకీ మా లెక్కకీ నాలుగు బస్తాలు తేడా వచ్చింది. నాయన ఫోన్లో పేజీ చూపించాడు. ఇద్దరూ కూర్చుని తేదీల వారీగా చూసుకుంటే, తప్పు మా వైపే ఉంది, ఒక రోజు రాయడం మర్చిపోయాడు. కట్టేశాం. ఈసారి కట్టింది మాత్రం ఎందుకు కట్టామో తెలిసి కట్టాం.

మీరు ఫోన్ కొంటున్నా, నోట్స్ యాప్ ఎంచుకుంటున్నా, ట్యాబ్ తీసుకుంటున్నా, నా వైపు నుంచి నాలుగే నాలుగు ప్రశ్నలు. ఒకటి, బ్యాటరీ చచ్చినా డేటా ఇంకో చోట ఉంటుందా? రెండు, ఆ కంపెనీ రేపు మూసేస్తే, నా డేటా మొత్తం ఒక మామూలు ఫైలుగా బయటికి తీసుకోగలనా? మూడు, తెలుగులో రాసి, వెతికి, ఇంకో ఫోన్లో తెరిస్తే అదే కనపడుతుందా? నాలుగు, సిగ్నల్ లేనప్పుడు ఇది ఎంతవరకు పనిచేస్తుంది? ఆ తర్వాతే కెమెరా, ప్రాసెసర్.

ఇప్పుడే ఒక చిన్న పని చెయ్యండి. ఫోన్ ఫ్లైట్ మోడ్‌లో పెట్టి, మీకు బాగా ముఖ్యమైన ఒక నంబరు, ఒక ఫోటో, ఒక నోట్ తెరవండి. ఏది తెరుచుకోలేదో, అది ప్రస్తుతం మీ చేతిలో లేనట్టే. తర్వాత, ఈ ఫోన్ రేపు మైపాడు అలల్లో పడిపోతే ఈ మూడింటిలో ఏవి తిరిగొస్తాయో లెక్కేసుకోండి. ఎన్ని పోయాయో కామెంట్‌లో పెట్టండి, ఫస్ట్ టైమ్ చేసినప్పుడు నాకు రెండు పోయాయి.

నిన్న రాత్రి నాయన పంపిన పేజీ ఇది, స్క్రీన్ మీద చూడండి. మొదటి గుంట మేత 42 కేజీలు, రెండో గుంట 38. కింద పెన్నుతో ఇంకో లైను కూడా ఉంది: "ఆదివారం ఫోన్ చెయ్యలేదు." అది కూడా బ్యాకప్ అయిపోయింది, ఇంక తప్పించుకోలేను.

మీ ఇంట్లో ఇట్లాంటి పాత డిజిటల్ డైరీ ఉంటే ఫోటో పంపండి.